డబ్బు పాఠాలకు ఉచిత సామగ్రి: ఆర్‌బీఐ, ఎన్‌సీఎఫ్‌ఈ, ఖాన్ అకాడమీ, ఫెడ్... ఏ తరగతికి ఏది?

ఆర్థికశాస్త్రం, బ్యాంకింగ్, ఇంటి డబ్బు లెక్కలు చెప్పడానికి పైసా ఖర్చు లేకుండా దొరికే సామగ్రి ఇప్పుడు బోలెడంత ఉంది. గుంటూరులోనూ విజయవాడలోనూ నన్ను కలిసే టీచర్లు, లెక్చరర్లు అది ఎక్కడ దొరుకుతుందని అడగరు. ఇన్ని ఉంటే ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి అన్నదే వాళ్ల ప్రశ్న.

నా జవాబు ముందే చెప్పేస్తాను. సొంత డబ్బు గురించి చెప్పేటప్పుడు మన దేశపు సామగ్రే వాడండి. కేంద్ర బ్యాంకు గురించి చెప్పేటప్పుడు "ఎందుకు" అన్నది బయటి దేశాల బ్యాంకుల దగ్గర తీసుకోండి, "ఎంత, ఎవరు, ఎలా" అన్నది ఆర్‌బీఐ దగ్గర తీసుకోండి. సిద్ధాంతానికి పాఠ్యపుస్తకం పక్కన ఒక్క విదేశీ పుస్తకం చాలు. మన పిల్లల ఇళ్లలో రోజూ నడిచే రూపాయల వడ్డీ, చీటీ పాట లెక్కలు మాత్రం ఎవరి సామగ్రిలోనూ సరిగ్గా లేవు. అవి మనమే తయారుచేసుకోవాలి, అదేమంత కష్టం కాదు.

హైస్కూలుకి

ఇక్కడ పోటీ ప్రధానంగా మూడింటి మధ్య ఉంది: ఎన్‌సీఎఫ్‌ఈ వర్క్‌బుక్స్, ఆర్‌బీఐ బొమ్మల పుస్తకాలు, ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకం.

ఎన్‌సీఎఫ్‌ఈ అంటే ఆర్థిక విద్య కోసం ఆర్‌బీఐ, షేర్ మార్కెట్‌ని చూసుకునే సెబీ, బీమా నియంత్రణ సంస్థ, పింఛన్ల నియంత్రణ సంస్థ నాలుగూ కలిసి పెట్టిన కేంద్రం. ఆరు నుంచి పది వరకు తరగతికొక వర్క్‌బుక్ ఉంది. ఒక్కో మెట్టు ఎక్కిస్తూ, ప్రతి పాఠం చివర చేయించడానికి పని ఇస్తుంది. వారానికి ఒక పీరియడ్ కేటాయించగల స్కూలుకి ఇంతకంటే మంచిది లేదు. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు వాళ్లే ఎన్‌ఎఫ్‌ఎల్‌ఏటీ అనే పరీక్ష కూడా పెడతారు. పరీక్ష అంటే తల్లిదండ్రులు కూడా పట్టించుకుంటారు కాబట్టి దాన్ని ఆసరాగా వాడుకోవచ్చు.

ఒక్క ఇబ్బంది ఉంది. ఆ పుస్తకాల్లో బడ్జెట్ అభ్యాసాలు నెలనెలా జీతం వచ్చే ఇంటిని మనసులో పెట్టుకుని రాసినట్టు ఉంటాయి. మన క్లాసులో కౌలు రైతు పిల్లలుంటారు, యార్డులో హమాలీ పని చేసేవాళ్ల పిల్లలుంటారు, ఆటో నడిపేవాళ్ల పిల్లలుంటారు. అందుకని ఆ ఒక్క అభ్యాసాన్ని మార్చుకోండి. మిర్చి రైతు ఇంటి లెక్క ఇవ్వండి: ఆగస్టు నుంచి నారు, ఎరువులు, పురుగుమందులు, కోత కూలీల ఖర్చు వరసగా పోతూ ఉంటుంది, సరుకు యార్డుకి చేరి డబ్బు చేతికొచ్చేది ఫిబ్రవరి తర్వాతే. మధ్యలో సంక్రాంతి, స్కూలు ఫీజు, ఒక జ్వరం. పన్నెండు గడుల కాగితం ఇచ్చి ఏ నెలలో చేతిలో ఎంత ఉంటుందో నింపమంటే, పొదుపు ఎందుకో, పంట రుణం ఎందుకో పిల్లలే చెప్తారు.

ఆర్‌బీఐ బొమ్మల పుస్తకాలు, అంటే రాజు డబ్బు చెట్టు కథ, మనీ కుమార్ కథలు, చిన్న క్లాసులకి బాగుంటాయి. చదవడానికి తేలిక, గట్టిగా చదివించడానికీ బాగుంటాయి. కానీ అవి మొదలుపెట్టడానికే. ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకి అవి పలచగా అనిపిస్తాయి, వాళ్ల ముందు పెట్టకండి.

ఈ మూడింట్లో నేను ఎక్కువ విలువిచ్చేది, టీచర్లు తక్కువగా చూసేది, ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి అర్థశాస్త్రంలో డబ్బు, పరపతి గురించిన పాఠం. పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. అందులో సోన్‌పూర్ అనే ఊరు, ఎకరంన్నర సాగు చేసే శ్యామల్ అనే రైతు ఉంటారు. ముందు వడ్డీ వ్యాపారి దగ్గర నెలకి 5 శాతానికి తెచ్చేవాడు, తర్వాత వ్యవసాయ వ్యాపారి దగ్గర నెలకి 3 శాతానికి తెస్తున్నాడు, అయితే పంట ఆ వ్యాపారికే అమ్మాలి. ఈ పేరా చదివించి ఆపండి. మన దగ్గర కమీషన్ ఏజెంటు పెట్టుబడికి డబ్బిచ్చి సరుకు తన దుకాణానికే తెమ్మనడం తెలిసిన పిల్లలు ఆ క్లాసులో ఉంటారు. మిగతా పాఠం వాళ్లే నడిపిస్తారు. ఈ పాఠానికి జతగా 2010 అక్టోబరులో మన రాష్ట్రం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్ ఎందుకు తేవాల్సి వచ్చిందో కూడా చెప్పొచ్చు. అది దూరపు చరిత్ర కాదు, వాళ్ల అమ్మమ్మలకి గుర్తున్న సంగతి.

దీక్ష యాప్‌లో పాఠ్యపుస్తకం క్యూఆర్ కోడ్ కొడితే వీడియోలు వస్తాయి. నాణ్యత ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. ముందు మీరు చూశాకే చూపించండి.

ఏ పుస్తకంలోనూ దొరకని రెండు లెక్కలు

మన దగ్గర వడ్డీ మాట్లాడేది రూపాయల్లో, బ్యాంకు మాట్లాడేది శాతాల్లో. పదో తరగతిలోనే కాదు, డిగ్రీలో కూడా ఒక ప్రశ్న అడిగి చూడండి: "బ్యాంకు పన్నెండు శాతానికి ఇస్తోంది, పక్కింటాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తున్నాడు. ఏది చవక?" రెండు రూపాయలే చవక అని చేతులు లేస్తాయి. పన్నెండు కంటే రెండు చిన్నది కదా! అప్పుడు బోర్డు మీద వేయండి. యాభై వేల అప్పు. నూటికి నెలకి రెండు రూపాయలంటే నెలకి వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు, అంటే 24 శాతం. బ్యాంకు 12 శాతం అంటే మన భాషలో రూపాయి వడ్డీ. ఈ ఒక్క మార్పిడి వచ్చిన పిల్లవాడికి బంగారం తాకట్టు లెక్క, పంట రుణం లెక్క, డ్వాక్రా రుణం లెక్క అన్నీ పోల్చి చూడటం వచ్చేస్తుంది.

ఇంకాస్త పెద్ద పిల్లలకి రోజువారీ ఫైనాన్స్ లెక్క ఇవ్వండి. బీసెంట్ రోడ్డు మీద బండి పెట్టుకున్న మనిషికి పదివేల అప్పని రాసుకుని వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. చూడ్డానికి తొమ్మిది వేలకి వెయ్యే కదా వడ్డీ అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకీ తగ్గిపోతోంది, సగటున ఆ మనిషి చేతిలో ఉండేది నాలుగున్నర వేల చిల్లర. దాని మీద వంద రోజులకి వెయ్యి అంటే ఏడాదికి 80 శాతం దరిదాపుల్లో పడుతుంది. చక్రవడ్డీ మీద ఖాన్ అకాడమీలో ఎంత చక్కని వీడియో ఉన్నా ఈ లెక్క ఉండదు.

రెండోది చీటీ. చిట్‌ఫండ్‌లు నడిచేది 1982 చట్టం కింద, చూసుకునేది రాష్ట్ర ప్రభుత్వం రిజిస్ట్రార్. ఆర్‌బీఐ పరిధి కాకపోవడంతో దాని పుస్తకాల్లో చీటీ లోతుగా ఉండదు. అయితే మన ఇళ్లలో బ్యాంకు డిపాజిట్ కంటే చీటీయే ముందు తెలుస్తుంది. క్లాసులోనే పాట పాడించండి. ఇరవై మంది, నెలకి ఐదు వేలు, లక్ష రూపాయల చీటీ. ఒకరు పాతిక వేలు వదులుకుని పాడుకున్నారనుకోండి. వాళ్ల చేతికి డెబ్బై ఐదు వేలు. వదులుకున్న పాతిక వేలలో నిర్వాహకుడి కమీషన్ లక్షకి ఐదు శాతం చొప్పున ఐదు వేలు పోతే మిగిలిన ఇరవై వేలు ఇరవై మందికి తలా వెయ్యి. అంటే ఆ నెల కట్టేది నాలుగు వేలే. ముందు పాడినవాడు అప్పు తీసుకున్నట్టు, చివర్లో ఎత్తుకున్నవాడు పొదుపు చేసినట్టు. వడ్డీ రేటును పాటే తేలుస్తుంది. డిమాండు, సప్లయి ధరను ఎలా నిర్ణయిస్తాయో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. కమీషన్ గరిష్ఠ పరిమితి 2019 సవరణతో ఐదు నుంచి ఏడు శాతానికి పెరిగిందని చెప్పి, ఏడు శాతంతో లెక్క మళ్లీ వేయించండి. ఆ తర్వాత రిజిస్టరైన చీటీకీ, వీధిలో నోటిమాట మీద నడిచే చీటీకీ తేడా ఏమిటో, ఎగ్గొడితే ఎవరిని అడగాలో మాట్లాడండి.

కేంద్ర బ్యాంకు: ఎవరి దగ్గర ఏది తీసుకోవాలి

ఇంటర్, డిగ్రీ లెక్చరర్లకి అసలు తికమక ఇక్కడే వస్తుంది, ఎందుకంటే ఇక్కడ మంచివి చాలా ఉన్నాయి.

అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) వ్యవస్థలో సెయింట్ లూయిస్ బ్యాంకు నడిపే ఎకాన్ లోడౌన్ టీచరు పని సులువు చేసే విషయంలో అన్నిటికంటే ముందుంది. ఉచితంగా ఖాతా తెరిచి క్లాసుకి పాఠం కేటాయించొచ్చు, ఎవరికెన్ని మార్కులొచ్చాయో చూసుకోవచ్చు. అదే బ్యాంకు ఫ్రెడ్ అనే గణాంకాల గని కూడా నడుపుతుంది, అందులో మన దేశపు అంకెలు కూడా కొన్ని దొరుకుతాయి. కానీ పాఠాన్ని ఉన్నదున్నట్టు మన క్లాసులో పెడితే చిక్కొస్తుంది. ఫెడ్‌కి ధరల స్థిరత్వంతో పాటు గరిష్ఠ ఉపాధి కూడా లక్ష్యం. పన్నెండు ప్రాంతీయ బ్యాంకులుంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, 2020 మార్చిలో ఫెడ్ రిజర్వు నిష్పత్తిని, అంటే డిపాజిట్లలో బ్యాంకులు తప్పనిసరిగా పక్కన పెట్టాల్సిన వాటాని, సున్నా చేసింది. మన సిలబస్‌లో సీఆర్ఆర్, అంటే బ్యాంకులు ఆర్‌బీఐ దగ్గర ఉంచాల్సిన అలాంటి వాటా, ఇంకా ముఖ్యమైన పరికరం, పరీక్షలో ప్రశ్న దాని మీదే. అమెరికా పాఠం చదివిన పిల్లవాడు నిష్పత్తులకి ఇప్పుడు పని లేదని రాసొస్తాడు, మార్కులు పోతాయి.

అందుకే "ఎందుకు" అన్న భాగానికి నేను ఆస్ట్రేలియా రిజర్వ్ బ్యాంకు ఎక్స్‌ప్లెయినర్లను ముందు పెడతాను. కొద్ది పేజీల్లో బొమ్మలతో, ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుపోతారు: కేంద్ర బ్యాంకు తన రేటు మారిస్తే వాణిజ్య బ్యాంకుల వడ్డీలు ఎలా కదులుతాయి, అక్కడినుంచి ఇంటి ఖర్చు, వ్యాపారి పెట్టుబడి, చివరికి ధరలు. వాళ్లకి ద్రవ్యోల్బణ లక్ష్యం 2 నుంచి 3 శాతం, మనకి 4 శాతం, అటూ ఇటూ 2. ద్రవ్యోల్బణ లక్ష్యం వరకు చట్రం ఒకే తీరుగా ఉండటంతో అంకె మార్చుకుంటే పాఠం మనకి సరిపోతుంది. డిగ్రీ లెక్చరరు ఇంకాస్త లోతుకి వెళ్లాలంటే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2014లో తన త్రైమాసిక పత్రికలో వేసిన వ్యాసం ఉంది. బ్యాంకు డిపాజిట్లు పోగేసి అప్పులివ్వదు, అప్పు ఇచ్చినప్పుడే కొత్త డిపాజిట్ పుడుతుందని అందులో స్పష్టంగా చెప్పారు. మన పుస్తకాల్లోని ద్రవ్య గుణకం పాఠం (ఒక డిపాజిట్ అప్పులుగా తిరిగి ఎన్నో రెట్లవుతుందని చెప్పేది) పక్కన అది పెడితే క్లాసులో మంచి వాదన నడుస్తుంది. పరీక్ష నెలలో మాత్రం వద్దు.

ఖాన్ అకాడమీ వీడియోలు సిద్ధాంతానికి బాగుంటాయి, ఒంటరిగా చదువుకునే పిల్లలకి ఇంకా బాగుంటాయి. క్లాసులో పెట్టడానికి నేను మొగ్గను. అమెరికా ఉదాహరణల దగ్గర ఆపి ఆపి వివరించాల్సి వస్తుంది.

ఇక "ఎంత, ఎవరు, ఎలా" అన్నదానికి ఆర్‌బీఐ దగ్గర ఉన్నంత మంచి బోధన సామగ్రి ఇంకెక్కడా లేదు, కానీ వాళ్లు దానికి బోధన సామగ్రి అని పేరు పెట్టలేదు. రెపో రేటుని నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ తీర్మానం గురించి అంటున్నాను. రెపో రేటు అంటే బ్యాంకులకి ఆర్‌బీఐ అప్పిచ్చే రేటు. కమిటీలో ఆరుగురు: ముగ్గురు ఆర్‌బీఐ వాళ్లు, ముగ్గురు కేంద్రం నియమించినవాళ్లు. ఓట్లు సమానమైతే గవర్నరుకి అదనపు ఓటు. తీర్మానంలో ఎవరు ఎటు ఓటేశారో పేర్లతో ఉంటుంది. పద్నాలుగో రోజున సమావేశపు మినిట్స్, అంటే చర్చల రికార్డు, వస్తాయి, అందులో ఆరుగురూ తమ కారణాలు విడివిడిగా చెప్పుకుంటారు. ఆరుగురు విద్యార్థులకి ఆరు ప్రకటనలు పంచండి. చదివి, సొంత మాటల్లో తెలుగులో వాదించమనండి. మిగతా క్లాసు ఓటెయ్యాలి. అసలు ఫలితం ఆ తర్వాత చెప్పండి.

దీనికి 2025 చాలా అనువైన సంవత్సరం. 2023 ఫిబ్రవరి నుంచి 6.50 శాతం దగ్గర కదలకుండా ఉన్న రెపో రేటు 2025 ఫిబ్రవరిలో 6.25కి, ఏప్రిల్‌లో 6కి, జూన్‌లో 5.50కి దిగింది. అదే జూన్‌లో సీఆర్ఆర్‌ని 4 శాతం నుంచి నాలుగు విడతల్లో 3కి తగ్గిస్తామని కూడా ప్రకటించారు. ఒక పరికరం అప్పు ధరను మారుస్తుంది, ఇంకొకటి బ్యాంకు చేతిలో ఉండే డబ్బును మారుస్తుంది, రెండూ ఒకే ప్రకటనలో కనిపిస్తాయి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) గృహరుణాలు రెపో లాంటి బయటి రేటుకి ముడిపడి ఉన్నాయి కాబట్టి ఇంటిదాకా లెక్క తీసుకెళ్లొచ్చు. ఇరవై లక్షలు, ఇరవై ఏళ్లు, 8.5 శాతమైతే నెలకి 17,356 రూపాయల ఈఎంఐ. 8 శాతమైతే 16,729. అర శాతం అంటే పిల్లలకి ఏమీ అనిపించదు. నెలకి ఆరొందల పైచిలుకు అంటే అనిపిస్తుంది.

తగ్గించిన ఏడాదే కాదు, తప్పిన ఏడాది కూడా చెప్పాలి. వరసగా మూడు త్రైమాసికాలు ద్రవ్యోల్బణం 2 నుంచి 6 శాతం హద్దు దాటితే ఎందుకు అదుపు చేయలేకపోయారో ఆర్‌బీఐ కేంద్రానికి రాతపూర్వకంగా చెప్పాలి. 2022 నవంబరులో అందుకోసం కమిటీ ప్రత్యేకంగా కూర్చుంది. ఇంత పెద్ద సంస్థ కూడా జవాబు చెప్పుకోవాలన్న సంగతి పౌరశాస్త్రం పాఠం కూడా అవుతుంది.

సొంత డబ్బు: ఇక్కడ సరిహద్దు దాటకండి

నెక్స్ట్ జెన్ పర్సనల్ ఫైనాన్స్ లాంటి అమెరికా కోర్సులు చాలా అందంగా తయారుచేశారు, పూర్తిగా ఉచితం. అయినా వద్దు. అక్కడి పింఛను ఖాతాలు, పన్ను ఫారాలు, క్రెడిట్ స్కోరు నియమాలు మన పిల్లలకి పనికిరావు సరికదా, సగం సగం గుర్తుండి ఇబ్బంది పెడతాయి. మనకి కావాల్సింది పీపీఎఫ్, సుకన్య సమృద్ధి, ఈపీఎఫ్, సిబిల్ స్కోరు, నామినీ.

పెద్దవాళ్లకి, డ్వాక్రా సంఘాలకి ఆర్‌బీఐ ఫేమ్ పుస్తకం తెలుగులో ఉంది. ఏ బ్యాంకు పేరూ ఎత్తకుండా, ఒక్కో సందేశం ఒక్కో బొమ్మతో చెప్తుంది. కూర్చుని చదివేది కాదు, ఒక్కో సమావేశంలో ఒక్కో పేజీ తీసి మాట్లాడుకునేది. జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుని అడిగితే ఆర్థిక అక్షరాస్యత కేంద్రం నుంచి మనిషి కూడా వస్తారు. నా దృష్టిలో పుస్తకం కంటే ఆ మనిషే మేలు, ప్రశ్నలడగొచ్చు.

మోసాల గురించి ఆర్‌బీఐ 2022లో రెండు పుస్తకాలు విడుదల చేసింది. ఫోన్, లింకు, యూపీఐ మోసాలు ఎలా జరుగుతాయో ఒక్కొక్కటీ విప్పి చెప్తాయి. డిగ్రీ కాలేజీలో అయినా, అపార్ట్‌మెంట్ సంఘంలో అయినా మొదటి పాఠం ఇదే కావాలి. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పోవడానికే కొట్టాలి అన్నది ఒకటి, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలన్నది రెండోది. మూడోది, బ్యాంకులో డిపాజిట్‌కి ఐదు లక్షల వరకు బీమా ఉంటుంది, కంపెనీలో పెట్టిన డిపాజిట్‌కి ఉండదు. ఈ మూడో మాట మన రెండు ఊళ్లలో మెల్లగా, జాగ్రత్తగా చెప్పాలి. ఎక్కువ వడ్డీ ఆశ చూపిన కంపెనీల్లో కూతురి పెళ్లి డబ్బు పోగొట్టుకున్న ఇళ్ల పిల్లలు మీ ముందే కూర్చుని ఉండొచ్చు. తప్పు వాళ్లదన్నట్టు మాట్లాడకండి. అలాంటి కంపెనీకి అనుమతి ఉందో లేదో ఆర్‌బీఐ సచేత్ పోర్టల్లో ఎలా చూడాలో నేర్పండి.

షేర్ మార్కెట్ అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. సెబీ సామగ్రి నమ్మకమైనది, కాస్త పొడిగా ఉంటుంది. జెరోధా వర్సిటీ రాసిన తీరు చాలా స్పష్టంగా ఉంటుంది, కానీ ఆ సంస్థ బ్రోకర్ అన్నది పిల్లలకి మొదటిరోజే చెప్పాలి. అందులో మౌలిక అధ్యాయాలు చాలు, ఆప్షన్ల (షేరు ధర ఎటు కదులుతుందన్న దాని మీద నడిచే ఒప్పందాల) జోలికి వెళ్లకండి. వెళ్లాల్సి వస్తే 2024 సెప్టెంబరులో సెబీ బయటపెట్టిన లెక్క ముందు పెట్టండి: 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. యూట్యూబ్‌లో తెలుగులో చెప్పేవాళ్లలో శ్రద్ధగా చెప్పేవాళ్లూ ఉన్నారు, కోర్సులు అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. ఒక గుర్తు చెప్తాను. చదువు చెప్పేవాళ్లు గత మూడు నెలల షేరు ధరలు వాడకూడదని 2025 జనవరిలో సెబీ చెప్పింది. ఇవాళ్టి చార్టు పెట్టి ఇది కొనండి అంటున్న ఛానల్ క్లాసులో పెట్టేది కాదు.

డిగ్రీ సిద్ధాంతానికి

కోర్ ఎకాన్, ఓపెన్‌స్టాక్స్ రెండూ పూర్తి పుస్తకాలు, రెండూ ఉచితం. కోర్ అసమానతలు, చరిత్ర, అసలు అంకెలతో మొదలవుతుంది, చర్చకి గొప్పది. ఓపెన్‌స్టాక్స్ మన సెమిస్టర్ సిలబస్ వరసకి దగ్గరగా వెళ్తుంది. తెలుగు మీడియం వాళ్ల కోసం నోట్స్ తయారుచేసే లెక్చరర్లకి ఓపెన్‌స్టాక్సే చెప్తాను, ఎందుకంటే దాని లైసెన్సు ప్రకారం మూలం పేరు రాసి అనువదించి పంచుకోవచ్చు. కోర్ మొదటి కూర్పుని అలా అనువదించి పంచాలంటే విడిగా అనుమతి కావాలి. గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఈ రెండింటినీ పక్కన పెట్టి కేంద్ర ఆర్థిక సర్వే, రాష్ట్ర సామాజిక ఆర్థిక సర్వే పట్టుకోవడం మేలు.

ఏది ఎంచుకున్నా ప్రింటు తీసేముందు అంకెలు చూసుకోండి. డిపాజిట్ బీమా లక్ష అని ఉంటే అది 2020 ఫిబ్రవరికి ముందుది. చీటీ కమీషన్ గరిష్ఠం ఐదు శాతం అని ఉంటే 2019 సవరణకి ముందుది. సీఆర్ఆర్ 4 శాతం అని ఉంటే 2025 సెప్టెంబరుకి ముందుది. మీ నోట్స్‌లో ప్రతి రేటు పక్కన తేదీ రాసి, కమిటీ సమావేశం అయిన వారంలో ఆ ఒక్క పేజీ మార్చుకుంటే చాలు, మిగతా పాఠం ఏళ్ల తరబడి పనికొస్తుంది.